గవరయ్య వద్దు నొక్కాడు

1. తూర్పు గాలి. నీరు నిమ్మళంగా ఉంది.

పొద్దున్నే నోరు పారేసుకున్నాను. పక్క తెప్ప దేముడమ్మ ఎండు చేపల వాసన నా మంచినీళ్ళ తొట్టి దాకా వస్తోందని, వాళ్ళింట్లో చేపల కంటే మనుషులే ముందు కుళ్ళేటట్టున్నారని అన్నాను. అనకూడని మాట. ఆమె చేతిలో చేట కింద పెట్టి, లోపలికి వెళ్ళి ‘విడు’ నొక్కింది. వాళ్ళ కప్పు మీద ఎర్ర దీపం వెలిగింది. రత్నం, అంటే నేను, మళ్ళీ ఎవరినో ఏదో అన్నదని గొలుసుపేట అంతటికీ తెలిసిపోయింది.

మర గదిలో, ఈ గొళ్ళేల మరలు చూసుకునే పనికి, నా తర్వాత ఎవరొస్తారో, ఏ ఊరి నుంచి వస్తారో తెలియదు కాబట్టి వాళ్ళ కోసం రెండు ముక్కలు రాస్తాను. మా తెప్పలన్నీ ఒక పెద్ద గొలుసుకి గొళ్ళేలతో తగిలించి ఉంటాయి. ప్రతి ఇంట్లో రెండు మీటలు. ‘విడు’ నొక్కితే ఒక పూట గడిచాక ఆ ఇంటి గొళ్ళెం దానంతటది ఊడి, తెప్ప సముద్రంలోకి పోతుంది. ఈలోగా ‘వద్దు’ నొక్కితే ఊడదు. వేరే ఊరికి వెళ్ళిపోదామనుకునే వాళ్ళు సామాను సర్దుకోవడానికి, నలుగురికీ చెప్పి వెళ్ళడానికి పెట్టిన గడువది. మా వాళ్ళు దాన్ని అలకకి వాడుకుంటారు. అలిగిన వాళ్ళు విడు నొక్కి కూర్చుంటారు. అలిగేటట్టు చేసిన వాళ్ళు కూర వండుకుని వెళ్ళి బతిమాలాలి. రెండు ముద్దలు తిన్నాక అలిగిన వాళ్ళు వద్దు నొక్కుతారు. దీన్ని వద్దు కూడు అంటారు. కూడు రాకుండా ఎవరూ వద్దు నొక్కరు. నొక్కితే అలకకి పరువేముంటుంది!

మధ్యాహ్నం కాకముందే రొయ్యల కూర పట్టుకుని వెళ్ళాను.

“ఉప్పు నేదు,” అంది దేముడమ్మ.

“ఉంది. నీ నోటికే తెలియట్లేదు.”

“నాను మల్లా అలగాలేటి?”

“అలగొద్దులేవే తల్లీ. తిను.”

తిని నొక్కింది. ఎర్ర దీపం ఆరిపోయి, మీట పక్కన పచ్చ దీపం వెలిగింది. నేను తిట్టింది తలుచుకుంటే సిగ్గేసింది గానీ, కూరతో ఆ సిగ్గు కూడా దిగిపోయింది. ఈ ఊళ్ళో అన్నీ అలాగే దిగిపోతాయి.

సాయంత్రం ఊరి పెద్ద కూర్మారావు మర గదికి వచ్చాడు. “రత్తనం, గొలుసు మీద దీపాలు మసకేత్తన్నాయి. బేటరీలు ముసిలివైపోనాయా, నీ మరలే ఎక్కువ తింతన్నాయా?”

“మరలే బావూ. ప్రతి గొళ్ళెం దగ్గరా ఒకటి కూర్చుని, మీట నొక్కారా, మీట నొక్కారా అని ఊపిరి సలపకుండా అడుగుతూ ఉంటుంది. బతికున్నప్పుడు మా అత్త అన్నం ఉడికిందా అని అడిగినట్టు.”

“అయితే దానికి కూసింత నిదర నేర్పు,” అన్నాడు కూర్మారావు.

2. గాలి పడిపోయింది. ఉక్కపోత.

మరకి నిద్ర నేర్పాను. ఎవరైనా విడు నొక్కితే మర గడువు చూసుకుని పడుకుంటుంది. పూట గడిచాక లేచి చెయ్యాల్సిన పని చేస్తుంది. మధ్యలో ఊరికే లేచి కూర్చోదు. ప్రోగ్రాం చూడ్డానికి ముచ్చటగా ఉంది. పాతది నా ముందు పనిచేసినాయన రాసింది, చాంతాడంత. నాది పది వరుసలు కూడా లేదు.

ఖాళీ తెప్ప మీద పరీక్ష చేశాను. విడు నొక్కితే పూట తర్వాత గొళ్ళెం ఊడింది. తగిలించి, మళ్ళీ విడు నొక్కి, ఆ వెంటనే వద్దు నొక్కాను. ఎర్ర దీపం ఆరింది, పచ్చ దీపం వెలిగింది. చాలనుకున్నాను. ఆకలేస్తోంది, అన్నానికి వెళ్ళిపోయాను. ఊరంతటికీ అదే ప్రోగ్రాం ఎక్కించాను.

దీపాలు తేటపడ్డాయి. కూర్మారావు నలుగురిలో నన్ను మెచ్చుకున్నాడు. దేముడమ్మ కూడా “మా రత్తనం బుర్రే బుర్ర” అంది. నేను తల వంచుకుని వినయం నటించాను. నటన బాగానే కుదిరిందని నా నమ్మకం.

3. తూర్పు గాలి మళ్ళీ లేచింది.

ఈ వారమంతా వేట బాగుంది. పోట్లాడుకోవడానికి ఎవరికీ తీరిక లేదు. అలిగింది ఒక్క గవరయ్య తాతే. గొలుసు చివరి తెప్ప ఆయనది. ఆయన, కూతురు ఎర్నమ్మ, అంతే ఆ ఇంట్లో. పొద్దున్నే ఎర్నమ్మ వేటకి పోతూ, నీకు చూపు ఆనట్లేదు, వల జోలికి పోకు నాన్నా అన్నదట. ఆయన విడు నొక్కాడు.

వేట పడవలు ఆలస్యంగా తిరిగి వస్తుంటే, ఊరికి చాలా దూరంలో ఒంటరిగా తేలుతూ ఆ తెప్ప కనిపించిందట. లోపల తాత నిద్రపోతున్నాడు. ఎర్నమ్మ అరుస్తూ నీళ్ళలోకి దూకేసిందని చెప్పారు. తెప్పని లాక్కొచ్చి తగిలించేసరికి ఊరంతా అక్కడే ఉంది. నేనూ ఉన్నాను.

“నాను వద్దు నొక్కినాను,” అన్నాడు తాత. “పచ్చ దీపం ఎలగడం సూసే పడుకున్నాను.”

“నానింకా కూడు తేనే నేదు కదా నాన్నా!” అని ఎర్నమ్మ ఏడుస్తోంది. “కూడు రాకుండా ఎలగ నొక్కినావు?”

“నువ్వు అలిసిపోయి వత్తావు. మల్లీ నాకోసం పొయ్యికాడ కూకోడం ఏటని, నానే వొండీసి, నానే నొక్కీసినాను.”

ఎవరూ నమ్మలేదు. కూడు రాకుండా, చూసే వాళ్ళు లేకుండా, తనంతట తాను వద్దు నొక్కిన మనిషిని గొలుసుపేటలో ఎవరూ చూడలేదు. పొయ్యి మీద కుండలో చేపల పులుసు ఉన్నమాట నిజమే. అది తన కోసం వండుకున్నాడనుకున్నారు.

కూర్మారావు నా వైపు తిరిగి “మర తప్పా రత్తనం?” అని అడిగాడు.

“మర తప్పు చెయ్యదు బావూ,” అన్నాను. “తాత నొక్కాలని అనుకుని ఉంటాడు. అనుకోవడం వేరు, నొక్కడం వేరు.”

అందరూ నవ్వారు. గండం గడిచిన తర్వాత మనుషులకి నవ్వడానికి ఏదో ఒకటి కావాలి, నేనది అందించాను. తాత నవ్వలేదు. మీట వైపు చూస్తూ నిలబడ్డాడు. నవ్వించగలిగినందుకు నాకు లోపల సంతోషం వేసిందని కూడా ఇక్కడ రాయాలి.

4. గాలి మామూలు.

నా మాట ఊళ్ళో పడింది. ఇప్పుడు ఎవరు ఏ పని మర్చిపోయినా “అనుకున్నావా, నొక్కినావా?” అంటున్నారు. ఉప్పు వెయ్యడం మర్చిపోయిన కోడల్ని అత్త అడుగుతోంది. పాఠం అప్పజెప్పని పిల్లల్ని పంతులమ్మ అడుగుతోంది. తాత గొలుసు మీద నడిచి వెళ్తుంటే ఎవరో అదే మాట అన్నారు. ఆయన వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయాడు. వల అల్లకంలో ఆయన్ని మించిన వాళ్ళు లేరు, ఇప్పుడు వల ముట్టుకోవట్లేదు.

మీటలు చూసుకోలేని వాళ్ళకి మా ఊళ్ళో ఒక ఏర్పాటుంది. గొలుసు మొదట్లో పెద్దిల్లని ఒక తెప్ప. మతి తప్పిన ముసలివాళ్ళు అక్కడ ఉంటారు. వేళకి తిండి పెడతారు, మంచిగా చూస్తారు. మీటలు మాత్రం ఉండవు, తలుపుకి బయట గడియ ఉంటుంది. అమావాస్య పోగానే గవరయ్యని పెద్దింటికి పంపాలని కూర్మారావు తేల్చాడు. ఈసారి వేట పడవలు చూడకపోయి ఉంటే, అన్నాడు. దానికి ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. ఎర్నమ్మ కూడా తల ఊపింది.

5. నీరు నల్లగా ఉంది. వాన వచ్చేటట్టుంది.

ఈ రోజు సంగతి రాయడానికి చెయ్యి రావట్లేదు.

దేముడమ్మ మళ్ళీ అలిగింది. కారణం నేనే, మళ్ళీ నోరే. కూర పట్టుకెళ్ళాను, తింది, నొక్కింది. ఎర్ర దీపం ఆరింది, పచ్చ దీపం వెలిగింది. నవ్వుకుంటూ మర గదికి వచ్చి తెర చూశాను. దేముడమ్మ ఇంటి గడువు ఇంకా నడుస్తూనే ఉంది.

మొదట తెర పాడైందనుకున్నాను. తర్వాత నా ప్రోగ్రాం తీసి చదివాను. పది వరుసలైనా లేనిది చదవడానికి ఎంతసేపు పడుతుంది. మర పడుకుందంటే పడుకున్నట్టే. నిద్రలో దానికి చెవులు లేవు. ఎవరైనా వద్దు నొక్కితే ఆ కబురు గుమ్మం బయట వరుసలో నిలబడి ఉంటుంది. మర పూట గడిచాక లేస్తుంది, ముందు గొళ్ళెం తీసేస్తుంది, ఆ తర్వాత గుమ్మం తీసి కబురు చూస్తుంది. వరుసలో గవరయ్య తాత ఇంటి కబురు కూడా ఉంది. ‘వద్దు’ అని ఉంది. దాని పక్కన మర ఇచ్చిన జవాబు: రద్దు చెయ్యడానికి పనేమీ మిగల్లేదు.

పచ్చ దీపానికీ ప్రోగ్రాంకీ సంబంధమే లేదు. మీట నుంచి దీపానికి నేరుగా ఒక తీగ ఉంది. నొక్కితే వెలుగుతుంది, ఎర్ర దీపాన్ని ఆర్పుతుంది. లోపల ఎవరైనా విన్నారా లేదా అన్నది దానికి పట్టదు. నేను దీపం చూసి అన్నానికి వెళ్ళిపోయాను.

దేముడమ్మ, ఆమె మొగుడు, పిల్లలు ఆ తెప్ప మీదే ఉన్నారు. నిద్రపోతున్న మరని లేపే దారి నేను పెట్టలేదు కాబట్టి ప్రోగ్రాం మొత్తాన్ని పీకేశాను. పీకితే వరుసలో కబుర్లు కూడా పోతాయని తెలుసు. తెలిసే పీకాను. ముందు మనుషులు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ తాత కబురుని వేరే చోటికి ఎత్తి రాసుకోవడానికి రెండు క్షణాలు చాలు. ఆ రెండు క్షణాలు నాకు దొరక్క కాదు.

తర్వాత సరిగ్గా రాశాను. గడువు ఒక పక్క నడుస్తుంది, మీట కోసం చెవి ఒక పక్క తెరిచి ఉంటుంది. రెండిట్లో ఏది ముందొస్తే అది గెలుస్తుంది, రెండోది ఆగిపోతుంది. మొదటే రాయాల్సింది ఇదే. మీటకీ దీపానికీ మధ్య తీగ కూడా కోసి, ప్రోగ్రాం ఒప్పుకున్నాకే పచ్చ దీపం వెలిగేటట్టు మార్చాను. దేముడమ్మ ఇంట్లో ఏమీ జరగలేదు. జరగబోయిందని కూడా ఆమెకి తెలియదు.

తాత నొక్కాడు. కూతురు అలిసిపోయి వస్తుందని, పరువు పక్కన పెట్టి నొక్కాడు. రేపు పొద్దున్నే కూర్మారావుకి చెప్తాను.

6. వాన.

చెప్పలేదు.

వెళ్ళాను. వెళ్ళేసరికి కూర్మారావు వాకిట్లో నలుగురు కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే ఆయన “ఇదిగో, మన బుర్రున్న మనిషి,” అన్నాడు. అందరూ జరిగి చోటిచ్చారు. టీ ఇచ్చారు. నేను తాగాను.

“దీపాలు మల్లీ మసకేత్తన్నాయేటి?” అని అడిగాడు.

చెవి తెరిచి ఉంచితే కరెంటు ఖర్చవుతుంది మరి. “గొళ్ళేలకి గుల్లలు పట్టాయి బావూ, గోకించాలి,” అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! రోజంతా నిజంగానే గొళ్ళేలకి పట్టిన గుల్లలు గోకుతూ కూర్చున్నాను. వానలో తడుస్తూ గోకాను. పని చేస్తున్నట్టు కనిపిస్తే సరిపోతుందా? నాకే అసహ్యం వేసింది.

7. వాన తెరిపిచ్చింది.

గవరయ్య తాత పందెం వేశాడు. ఊరికి కబురు పంపాడు. “అందరూ రండి. మీ ముందరే విడు నొక్కుతాను, మీ ముందరే వద్దు నొక్కుతాను. పూట గడిసీదాకా కూకోండి. గొల్లెం ఊడితే నాకు మతున్నట్టు. ఊడకపోతే పెద్దిల్లకి నడిసే ఎల్తాను.”

మరలు చూసేదాన్నని నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు.

తాత ఉతికిన చొక్కా వేసుకున్నాడు. విడు నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. కాసేపాగి వద్దు నొక్కాడు. పచ్చ దీపం వెలిగింది. తన తెప్ప మీద, గొళ్ళెం పక్కన, బాసీపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఊడుతుందని ఆయన నమ్మకం. ఒకసారి ఊడింది కాబట్టి మళ్ళీ ఊడాలి. ఊడదని ఆ జనంలో తెలిసింది నాకొక్కదానికే. దాన్ని బాగుచేసింది నేనే, ఆయన దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని చెరిపేసింది నేనే.

చెప్పడానికి పూటంతా ఉంది. నాలుక మీదకి వచ్చింది చాలాసార్లు. వచ్చినప్పుడల్లా, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారే అని మింగేశాను. ఆలస్యమైన కొద్దీ చెప్పడం కష్టమవుతోంది, కష్టమైన కొద్దీ ఆలస్యం చేస్తున్నాను.

గడువు దాటింది. గొళ్ళెం ఊడలేదు. తాత వంగి దాన్ని చేత్తో పట్టుకుని కదిపి చూశాడు. గట్టిగా ఉంది. ఎర్నమ్మ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన కూతురి మొహంలోకి చూడలేదు, కూర్మారావు వైపూ చూడలేదు. నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

“అయితే నానే మరిసిపోనట్టున్నాను,” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

8. ఎండ.

తాత నా తెప్పకి వచ్చాడు. చేతిలో మూత పెట్టిన గిన్నె.

“నీ మరని అనవసరంగా ఆడిపోసుకున్నాను అమ్మీ,” అన్నాడు. “అది ఇన్నేదని పదిమందిలో అన్నాను. పెద్దిల్లకి పోయీలోపు నీ బాకీ తీర్సుకోవాల. రెండు ముద్దలు తిను.”

“తాతా, నేనేం అలగలేదు.”

“నువ్వు అలగనేదు సరే. నాను తప్పు సేసినాను కదా.”

మా ఊరి పద్ధతిలో వద్దు కూడు కాదనడమంటే, నీ క్షమాపణ నాకక్కర్లేదని మొహం మీద చెప్పడం. అదొక కారణం. రెండో కారణం, కాదంటే ఎందుకని అడుగుతాడు. తిన్నాను. ఆయన నా ఎదురుగా కూర్చుని, నేను తినే దాకా చూసి, గిన్నె కడుక్కుని పట్టుకెళ్ళాడు. కమ్మగా ఉంది పులుసు. మనిషికి మతి పోయిందంటున్నారు, ఉప్పూ పులుపూ సరిగ్గా కుదిరాయి.

ఇంత సిగ్గు నా బతుకులో నాకు తెలియదు.

9. ఎండ. అమావాస్య దగ్గర పడింది.

కూర్మారావుకి చెప్పాను. ఎర్నమ్మని కూడా పిలిపించి, ఇద్దరి ముందూ చెప్పాను. తాత నొక్కాడు, మర వినలేదు, ఆ మర నేను రాసింది అన్నాను. నిద్ర సంగతి, వరుస సంగతి, దీపం తీగ సంగతి అన్నీ చెప్పాను.

కూర్మారావు మెత్తగా నవ్వాడు. “నీది మంచి మనసు రత్తనం. ముసిలోడ్ని ఇంట్లో ఉంచడానికి నెపం నీ మీద ఏసుకుంతన్నావు.”

“కాదు బావూ, నిజం.”

“మొన్న ఊరందరం కూకుని సూసినాం కదా. ఊడిందేటి?”

“అప్పటికి బాగుచేసేశాను.”

“సరే, ఆ కబురు ఏదో వరసలో ఉంతాదన్నావు, సూపించు.”

చూపించడానికి ఏముంది. పీకేశాను. ఆ మాట అంటే ఆయన ఇంకా జాలిగా నవ్వాడు. ఎర్నమ్మ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. “నీ రుణం తీర్సుకోనేను అక్కా. మా నాన్న మీద నీకింత పేముందనుకోనేదు,” అంది.

తిడితే భరించేదాన్ని. సాయంత్రానికి ఊళ్ళో నన్ను పొగడ్డం మొదలైంది. దేముడమ్మ కోడిగుడ్లు పంపించింది. ముసలాయన కోసం తన పేరు చెడగొట్టుకోడానికి సిద్ధపడింది, అంటున్నారట. అబద్ధంలో దాక్కున్నప్పుడు పట్టుకోలేదు సరే, నిజం చెప్పుకుని బయటికొస్తే కూడా నన్ను వదిలేస్తారా?

10. తూర్పు గాలి. నీరు నిమ్మళంగా ఉంది.

మరకి నిద్ర నేర్పిన నా మొదటి ప్రోగ్రాం మళ్ళీ రాశాను. ఒక్క ముక్క మార్చకుండా, దీపం తీగతో సహా, నా ఇంటి గొళ్ళేనికి మాత్రమే పెట్టాను. ఊరంతటినీ రమ్మన్నాను. ఇంకో పందెమా అని గొణుక్కుంటూనే వచ్చారు. తాతని ఎర్నమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన రానన్నాడట.

“ఇది మొదట నేను ఊరికి పెట్టిన మర,” అని చెప్పి, అందరూ చూస్తుండగా విడు నొక్కాను. ఎర్ర దీపం వెలిగింది. వద్దు నొక్కాను. ఎర్ర దీపం ఆరి, పచ్చ దీపం వెలిగింది. కావాలంటే మీరూ నొక్కండన్నాను. కూర్మారావు వచ్చి నొక్కాడు. దేముడమ్మ వచ్చి రెండుసార్లు నొక్కింది.

“ఇంకేటి, అయిపోనాది కదా. రా, తిందాం,” అంది.

“కూర్చో,” అన్నాను.

నా తెప్ప మీద నేనొక్కదాన్నే ఉండిపోయాను. జనం గొలుసు మీద కూర్చున్నారు. కొందరు వలలు తెచ్చుకుని బాగుచేసుకుంటున్నారు, పిల్లలు అటూ ఇటూ పరిగెడుతున్నారు. పూట గడుస్తున్న కొద్దీ నాకు ఒకటే భయం. ఊడుతుందని కాదు. ఊడదేమోనని. ఈసారి కూడా ఊడకపోతే తాతకి ఇక దారి లేదు.

గొళ్ళెం టక్కుమని ఊడింది.

చప్పుడు అంత చిన్నదని నాకు అప్పటిదాకా తెలియదు. తెప్ప ఊగింది, గొలుసుకీ నాకూ మధ్య నీళ్ళు కనిపించాయి. జానెడు, బారెడు, ఆ తర్వాత చాలా. ఎవరూ కదల్లేదు, తాడు వెయ్యలేదు. అందరూ నన్ను వదిలేసి తాత వైపు తిరిగారు. ఎర్నమ్మ ఆయన పాదాల దగ్గర కూలబడింది. కూర్మారావు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏమంటున్నారో గాలికి వినపడలేదు. తాత నిలువునా నిలబడి ఉండడం మాత్రం కనిపించింది. నాకు ఏడుపొచ్చింది. బరువు దిగిందనుకున్నాను. ఊరి ముందు నన్ను నేనే పట్టిచ్చాను, ఇంకేం మిగిలిందిలే అనుకున్నాను.

కాసేపటికి ఒక చిన్న ఇంజన్ పడవ నా వైపు వచ్చింది. అందులో తాత ఒక్కడే ఉన్నాడు. దగ్గరికి రాగానే ఇంజన్ ఆపాడు. తాడు చేతిలోనే ఉంది, విసరలేదు.

“నాను పందెం ఏసిన దినానికి మరని బాగుసేసేసినావా?” అని అడిగాడు.

“చేసేశాను తాతా.”

“అయితే ఊడదని తెలుసు నీకు.”

ఈ ప్రశ్న ఊళ్ళో ఎవరికీ తట్టలేదు. నేనూ ఎవరికీ తట్టనివ్వలేదు. మర తప్పు ఒప్పుకున్నాను గానీ, నా తప్పు మర వెనకాలే దాచుకున్నాను. అవునన్నాను.

“పులుసు తిన్నప్పుడూ తెలుసు.”

“తెలుసు.”

తిడతాడని చూశాను. ఆయన తాడు చుట్టలు సరిచేసుకుంటూ, నీళ్ళతో చెప్తున్నట్టు చెప్పాడు. “కూతురు సెప్తే నమ్మనేదు అమ్మీ. ఊరంతా నవ్వితే నమ్మనేదు. నాకు మతుందనే అనుకున్నాను. గొల్లెం ఊడనప్పుడు నీకేసి సూసినాను. మర గురించి తెలిసిందానివి, ఏదన్నా తేడా ఉంటే సెప్తావని. నువ్వు తల దించీసుకున్నావు. అప్పుడు నమ్మీసినాను, నాకు పిచ్చని.”

క్షమించమని అడగడానికి కూడా ఒక మొహం ఉండాలి.

“తాడందుకో,” అన్నాడు.

విసిరాడు, అందుకున్నాను. కట్టబోతే ముడి పడలేదు. ఆయనే నా తెప్ప మీదికి ఎక్కి, తాడు తీసుకుని, కొయ్యకి ముడి వేశాడు. వల అల్లిన చేతులు, ఒక్క విసురులో పడింది ముడి. పడవలోకి దిగబోతూ ఆగాడు.

“బిగించినానా అమ్మీ?” అని అడిగాడు.

“బిగించావు తాతా,” అన్నాను.

ఆయన వంగి, ముడి మీద చెయ్యి పెట్టి మళ్ళీ చూసుకున్నాడు.